నలభై మూడు బావులు

ఎమ్మిగనూరు నేతవాళ్లలో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటి ఆడపిల్ల శివలీల. చదివింది జంతుశాస్త్రం. చదువయ్యాక ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైం లెక్చరరుగా చేరింది. పార్ట్‌టైం అన్నది పేరుకే. పొద్దున తొమ్మిదింటికి పోతే సాయంత్రం ఐదింటిదాకా క్లాసులు, ప్రాక్టికల్సు, పేపర్లు దిద్దడం అన్నీ ఆమె నెత్తినే ఉండేవి. పర్మనెంటు కావాలంటే పీహెచ్‌డీ ఉండాలన్నారు. అలా 1999లో, ఇరవై తొమ్మిదో ఏట, వేణుగోపాల్ సారు దగ్గర రిజిస్టరు చేసుకుంది.

వేణుగోపాల్ సారు ముప్పై ఏళ్లుగా బావుల్లో బతికే సన్నజీవుల మీద పనిచేస్తున్న యూనివర్సిటీ ప్రొఫెసరు. మాట తక్కువ, చేతిలో ఎప్పుడూ ఒక గాజుగొట్టం. మొదటి రోజే మైక్రోస్కోపు కింద గాజుపలక పెట్టి "చూడమ్మా" అన్నారు. శివలీల కన్ను ఆనించింది. తెల్లగా, బియ్యపునూక కన్నా సన్నంగా ఒక జీవి. కళ్లు లేవు, రంగు లేదు. ఒళ్లంతా కణుపులు, ఆ కణుపుల పక్కన వెంట్రుకల్లాంటి కాళ్లు.

"రొయ్యలకూ పీతలకూ చుట్టం ఇది," అన్నారు సారు. "దీని దగ్గరి బంధువులన్నీ సముద్రం ఒడ్డున, ఇసుకరేణువుల మధ్య బతుకుతున్నాయి. ఇది మాత్రం ఏ సముద్రానికైనా మూడు వందల కిలోమీటర్ల అవతల, మీ కర్నూలు జిల్లా బావిలో దొరికింది. ఎప్పుడొచ్చిందో, ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలీదు. వెలుతురులోకి రాదు. ఈదలేదు. బండ చీలికల్లో తడి ఉన్నంత మేరే పాకుతుంది. నీళ్లు ఆరితే చస్తుంది. అంటే ఏమిటి? ఇది వచ్చిన నాటినుంచి ఈ నాటిదాకా ఆ బండ కింద నీళ్లు ఒక్కసారి కూడా పూర్తిగా ఆరలేదన్నమాట."

ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ శివలీల కిటికీలోంచి బీళ్లను చూస్తూనే ఉంది. గడ్డిపోచ లేని ఆ ఎర్రనేల కింద ఎక్కడో, చీకట్లో, సముద్రం బిడ్డలు పాకుతున్నాయి.

బావిలోకి వదిలే వల కావాలి. విదేశాల నుంచి వచ్చే నైలాను వలను కాలేజీ కొననంది. ఆ మాట ఇంట్లో చెప్పి కూర్చుంటే మగ్గం గుంతలో ఉన్న తండ్రి కాశన్న తలెత్తాడు.

"ఎంత సన్నం కావల్ల?"

"ఇసుక నిలవల్ల, నీళ్లు దిగల్ల నాయనా. వెంట్రుకంత పురుగు కూడా జారిపోగూడదు."

కాశన్న నూట ఇరవై నంబరు సన్ననూలు తెప్పించి, చీర పని పక్కనబెట్టి, పదకొండు రోజులు కూర్చుని మూడు గజాల గుడ్డ నేశాడు. నీళ్లు పోసి చూశాడు, మళ్లీ విప్పి మళ్లీ నేశాడు. ఆ గుడ్డను గరాటులా కుట్టి, నోటికి ఇనుప కడ్డీ వలయం కట్టి, తోకకు చిన్న సీసా బిగించాడు. సారు ఆ వలను వెలుతురుకు పెట్టి చూసి, "మీ నాన్నగారిని ఒకసారి చూడాలమ్మా" అన్నారు.

పెండ్లి కాని పిల్ల ఒంటరిగా ఊరూరు తిరిగి బావుల్లోకి తొంగిచూస్తే ఊరుకునే జనం కాదు. అందుకని ఆదివారాలు మగ్గం ఆపి కాశన్నే కూడా వచ్చేవాడు. వల ఆయన భుజాన, సీసాల సంచి ఆమె చేతిలో. బస్సు దిగి మూడు నాలుగు మైళ్లు నడిచి, రైతును అడిగి, తాడు వదలడం. వల బావి అడుగున ఇసుకను కదిలించేలా పదిసార్లు పైకీ కిందికీ ఆడించడం కాశన్న వంతు. చేతికి ఆ లయ మగ్గం దగ్గరే అలవాటు. సీసాలోకి దిగిన నీళ్లను తెల్ల పళ్లెంలో పోసి, భూతద్దంతో వెతకడం ఆమె వంతు.

కాశన్న దానికి 'పోగు' అని పేరు పెట్టాడు. మొదటిసారి పళ్లెంలో కదులుతున్నదాన్ని చూపిస్తే, "మన నూలుపోగు తెగి పడినట్టే ఉండాది గదమ్మా" అన్నాడు. అప్పటినుంచి ప్రతి బావి దగ్గరా అదే ప్రశ్న. "పోగు కనపడెనా?"

రెండేళ్లలో నలభై మూడు బావులు చూశారు. కోసిగి, కౌతాళం నుంచి ఆత్మకూరు అడవి అంచుదాకా, కడప జిల్లాలో మైదుకూరు వరకూ. ఇరవై ఆరు బావుల్లో పోగు దొరికింది. సారు నేర్పినట్టే దొరికినవాటినన్నిటినీ ఫార్మలిన్ చుక్కలు వేసిన చిన్న సీసాల్లో దించి, మూత బిగించి, నంబరు అంటించేది. ఫార్మలిన్‌లో పెడితే కాలూ మీసమూ చెదరకుండా వందేళ్లుంటాయని సారు చెప్పారు. ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్నదీ అదే.

ఊళ్లలో ఎవరూ ఆమెను పురుగుల కోసం వచ్చిందనుకోలేదు. బావి దగ్గరికి సంచీతో వచ్చి, నీళ్లు తోడి, అద్దంతో చూసేవాళ్లు ఇంకెందుకొస్తారు? భూగర్భజలాల ఆఫీసు మేడమనుకున్నారు. "యాడ ఏస్తే పడతాదమ్మా బోరు?" అని అడిగేవాళ్లు. కాదని చెప్తే నమ్మేవాళ్లు కాదు, చెప్పడం ఇష్టం లేక దాస్తోందనుకునేవాళ్లు.

2001 మే నెలలో కోసిగి దగ్గర గిడ్డమ్మ బావికి వెళ్లారు. గిడ్డమ్మ అరవై దాటిన మనిషి. మూడెకరాల చేను, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, జత ఎద్దులు. ఏటా పంట పని కాగానే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడి జనమంతా కూలి వెతుక్కుంటూ దూరాలకు, సుగ్గికి పోతుంటే, ఈ దిగుడు బావి ఉండబట్టి ఆమె కొడుకులు మాత్రం ఊళ్లోనే నిలిచారు. అప్పటికి బావిలో ఒక మనిషి మట్టు నీళ్లే ఉన్నాయి. ఆ మట్టు నీళ్లలో ఒక్క వలకు ముప్పై ఒక్క పోగులు దొరికాయి. నలభై మూడింటిలో అంత నిండుగా దొరికిన బావి ఇంకొకటి లేదు. శివలీల నవ్వుకుంటూ మళ్లీ మొదటినుంచి లెక్కబెట్టింది.

గిడ్డమ్మ మెట్ల మీద కూర్చుని చూస్తోంది. "ఏం దొరికెనమ్మా అంత సంతోషంగా ఉండావు?"

శివలీల నోరు తెరిచేలోపే కాశన్న అందుకున్నాడు. కూతురి చదువు గొప్ప చెప్పుకోవడానికి ఆయనకు అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు. "ఈ పురుగుండేది ఎప్పుడూ ఎండని నీళ్లలోనేనంట గిడ్డమ్మా. వేల ఏండ్ల నీళ్లు. నీ బాయిలో ఉండేటన్ని యాడా లేవు. మా పాప చదువుకునింది గదా, అద్దంలో చూసి చెప్పింది. నీ బాయి కింద గంగ ఉండాది."

గిడ్డమ్మ శివలీలవైపు తిరిగింది. "అవునా తల్లీ?"

అవునంటే అబద్ధం. కాదన్నా పూర్తి నిజం కాదు. చీలికల్లో ఒక గుక్కెడు తడి ఉన్నా పోగు బతుకుతుంది, ఆ తడి ఎకరాలు తడపదు అని చెప్పాలి. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ముసలామె ముఖం అప్పటికే విచ్చుకుంది. పైగా మళ్లీ మళ్లీ ఈ బావికి రావాలి, ఆమెతో మంచిగా ఉండాలి. శివలీల నవ్వి ఊరుకుంది. గిడ్డమ్మ లేచి వెళ్లి, ఇద్దరికీ గిన్నెల్లో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

2002లో వానలు మొహం చాటేశాయి. ఆ ఏడే వేణుగోపాల్ సారు ఏదో సదస్సుకు వెళ్లొచ్చి, శివలీలను పిలిపించి, సిద్ధాంత గ్రంథం పేరు మార్చాలన్నారు. కాళ్లూ మీసాలూ లెక్కబెట్టి కొత్త జాతి అని రాసే రోజులు పోయాయన్నారు. ఇప్పుడు చదవాల్సింది జన్యువులను.

"ఒక బావిలోని జీవుల జన్యువుల్లో తేడాలు ఎక్కువగా ఉన్నాయనుకో, ఆ గుంపు చాలా పాతది, ఎప్పుడూ నిండుగా బతికింది అని అర్థం. తేడాలు లేకపోతే, ఎప్పుడో కరువులో అన్నీ పోయి నాలుగైదు మిగిలి, వాటి సంతానమే ఇదంతా అని అర్థం. బావికీ బావికీ పోల్చి చూస్తే ఏది ఎప్పుడు విడిపోయిందో, సముద్రం నుంచి ఒక్కసారే వచ్చాయో విడివిడిగా వచ్చాయో, అంతా బయటపడుతుంది. ఇరవై ఆరు బావుల జీవులు నీ దగ్గరున్నాయి. దేశంలో ఇంకెవరి దగ్గరా లేవు."

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. కాశన్న "ఊరూరికీ చీర అంచు మారినట్టా?" అన్నాడు.

"అట్లే నాయనా. అంచు చూసి ఏ ఊరి నేతో నువ్వు చెప్తావు గదా, అట్లా."

ఒక్కో బావి నుంచి ఐదేసి జీవుల చొప్పున సీసాలు కట్టి హైదరాబాదులో ఒక ప్రయోగశాలకు పంపారు. ఐదు నెలలకు జవాబొచ్చింది, ఒకే పేజీ. ఫార్మలిన్‌లో భద్రపరచినవాటి డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉంది, చదవడానికి వీల్లేదు. ఇకమీదట జీవులను నేరుగా శుద్ధమైన ఆల్కహాల్‌లో పెట్టి పంపగలరు.

వేణుగోపాల్ సారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "తప్పు నాదేనమ్మా. నాకు తెలిసినదే నీకు నేర్పాను. ముప్పై ఏళ్ల నా సీసాలు కూడా ఇంతే మరి." శివలీలకు కోపం రావాల్సింది, జాలేసింది.

మళ్లీ పట్టుకోవాలి, అంతే. బావులు ఎక్కడికీ పోవు అనుకుంది. కానీ శుద్ధమైన ఆల్కహాల్ కావాలంటే ఎక్సైజు వాళ్ల పర్మిటు కావాలి. కాలేజీ దరఖాస్తు పెట్టింది. ఫలానా కాగితం లేదని తిరిగొచ్చింది. మళ్లీ పెట్టింది. కాశన్న ఒకరోజు ఉండబట్టలేక, "సారాయి పనికిరాదామ్మా? అది యాడబడితే ఆడ దొరుకుతాది" అన్నాడు. అందులో సగానికి పైన నీళ్లేనని చెప్తే ఆయన నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. పర్మిటు చేతికొచ్చేసరికి 2003 మార్చి.

అప్పటికి ఆ ఏటి రెండు పంటలూ పోయాయి. తండ్రీకూతుళ్లు మళ్లీ బస్సులెక్కారు. మొదటి బావి ఎండిపోయింది. రెండోదీ అంతే. మూడోదాంట్లో కంపచెట్లు నరికి పడేసి ఉన్నాయి. నాలుగో బావి చుట్టూ ఆరు బోర్లు, బావి అడుగున పగుళ్లు. చూసిన బావుల ముందు కొట్టివేత గీత గీస్తూ పోతే, మే నాటికి నోటుపుస్తకంలో కోసిగి వైపు పేజీల్లో గీతలే మిగిలాయి. ఆ వైపు బావుల్లో గిడ్డమ్మ బావిని చివరికి అట్టిపెట్టుకుంది శివలీల. అక్కడ ముప్పై ఒకటి దొరికాయి. ఎంత లేదన్నా పది దొరుకుతాయి.

చేను గట్టెక్కగానే తెల్లటి దుమ్ముకుప్పలు కనిపించాయి, ఒకటి కాదు మూడు. బండను తొలిచిన బోరు బండి కక్కిపోయిన పొడి. కొట్టంలో ఎద్దులు లేవు. గిడ్డమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. మనిషి సగమైంది. ఇద్దరినీ గుర్తుపట్టింది.

"రాండి. కూర్చోండి. మజ్జిగ లేదు, నీళ్లు కూడా ట్యాంకరు వస్తేనే."

"కొడుకులు యాడికి పోయిరి?" అన్నాడు కాశన్న.

"బొంబాయికి. పెద్దోడు, చిన్నోడు, ఆడోళ్లు, అందరూ. బిల్డింగు పని." గిడ్డమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. "పోయినేడు బాయి తగ్గిపోయె. అందరిట్లా ముందే సుగ్గికి పోదామనిరి పిల్లోళ్లు. నేనే వద్దంటి. ఆ మేడమొచ్చి చూసింది, కింద గంగుండాది, బోరు ఏయండి అంటి. ఎద్దులమ్మి ఏస్తిమి. దుమ్ము లేసె. పక్కన ఇంకోటి ఏస్తిమి. అదీ దుమ్మే. పురుగుండాది గదా, నీళ్లుండకుండా ఎట్లుంటాది అని మూడోది నేనే పట్టుబట్టి ఏపిస్తి. రెండెకరాలు పాయె."

కాశన్న తల వంచుకున్నాడు. శివలీలకు 'మేం బోరు వేయమనలేదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజమే, కానీ ఆ నిజం ఎవరికి కావాలి?

"ఆ పురుగు యాడికి పోయుంటాదమ్మా?" అని అడిగింది గిడ్డమ్మ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

"చచ్చిపోయుంటుందమ్మా," అంది శివలీల.

"అన్నేండ్లు బతికి."

కాశన్న ఉన్నట్టుండి లేచి బావి దగ్గరికి నడిచాడు. అరవై రెండేళ్ల మనిషి, కూతురు వద్దంటున్నా వినకుండా మెట్లు దిగి, మెట్లయిపోయినచోట రాళ్లు పట్టుకుని అడుగుకు చేరాడు. అక్కడ బండకూ బండకూ మధ్య కొంచెం నల్లగా ఉన్న ఇసుకను గోళ్లతో తవ్వాడు. మధ్యాహ్నపు ఎండలో ఆయన అరగంట అక్కడే ఉన్నాడు. టిఫిను గిన్నెలో తడి ఇసుక పట్టుకుని పైకొచ్చేసరికి వేళ్లు చిట్లి రక్తం కారుతోంది. ఆ ఇసుకను పళ్లెంలో కలిపి శివలీల గంటసేపు వెతికింది. ఒకే ఒక్క పెంకు దొరికింది, లోపల ఏమీ లేని ఖాళీ తొడుగు.

"పోగు కనపడెనా?" అని కాశన్న అడగలేదు. తిరుగుదారిలో బస్సు కోసం నిలబడినప్పుడు మాత్రం, "నేను నోరు మూసుకునుంటే బాగుండు" అన్నాడు. "నేనన్నా కాదని చెప్పింటే బాగుండు నాయనా" అంది ఆమె. ఆ తర్వాత ఆయన ఏ బావికీ రాలేదు. వలను ఉతికి, మడిచి, పెట్టెలో పెట్టాడు.

మిగిలిన బావులు శివలీల ఒక్కతే తిరిగింది. నలభై మూడింటిలో ఆరింట నీళ్లున్నాయి. అహోబిలం దారిలో, కొండ పాదాన పాడుబడ్డ ఒకే ఒక్క బావిలో తొమ్మిది పోగులు దొరికాయి. వాటిని ఆల్కహాల్‌లో దించి, సంచిని ఒళ్లో పెట్టుకుని, బస్సు కుదుపులకు కదలకుండా రెండు చేతులా పట్టుకుని ఆదోనిదాకా తెచ్చింది.

ఫలితం 2004 చివర్లో వచ్చింది. తొమ్మిదింటిలో ఆరు మాత్రమే చదవగలిగారు. ఆరూ అక్షరం తేడా లేకుండా ఒకటే. అంటే ఆ బావిలో ఉన్నది కూడా ఎప్పుడో చచ్చి కొద్దిగా మిగిలినదాని పిల్లాజెల్లా. పోల్చడానికి ఇంకో బావి లేదు కాబట్టి ఈ వివరాలతో చరిత్ర గురించి ఏమీ చెప్పలేమని రాశారు. సముద్రం నుంచి ఎప్పుడొచ్చాయి, ఒక్కసారే వచ్చాయా, గిడ్డమ్మ బావిలోవి ఆత్మకూరు బావిలోవాటికి ఏమవుతాయి? ఒక్కదానికీ జవాబు లేదు, ఇక రాదు కూడా.

2005లో వానలు విరగబడి కురిశాయి. చెరువులు తెగాయి, బావులు నిండాయి. శివలీలకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. రెండు నెలలు సెలవు రోజులన్నీ తిరిగింది. కొత్త నీళ్లలో కప్పలున్నాయి, దోమపిల్లలున్నాయి. పోగులు లేవు. అవి వానతో వచ్చేవి కావు. గిడ్డమ్మ బావి అంచుల దాకా నిండి ఉంది. ఇంటికి తాళం. ముసలామె వీళ్లు వచ్చిపోయిన ఏటి చలికాలంలోనే పోయిందనీ, కొడుకులు బొంబాయి నుంచి కడచూపుకు అందుకోలేకపోయారనీ పక్క చేనులో కలుపు తీస్తున్న మనిషి చెప్పింది.

వేణుగోపాల్ సారు రిటైరయ్యారు. కొత్త గైడు ఈ విషయం తనది కాదన్నారు. గడువు రెండుసార్లు పొడిగించుకుని, మూడోసారి అడగలేదు శివలీల. అందరూ కంప్యూటర్లకు పోతుంటే జంతుశాస్త్రం గ్రూపులో ఏడుగురు చేరారు, మరుసటేడు నలుగురు. 2007లో గ్రూపు ఎత్తేసి ల్యాబులో కంప్యూటర్లు పెట్టారు. సీసాలేం చేస్తావని కాలేజీవాళ్లు అడిగితే కలకత్తా మ్యూజియానికి పంపుతానంది. ఫార్మలిన్ ఉన్న పార్సిలు తీసుకోబోమని పోస్టాఫీసులో తిప్పి పంపారు. రెండు అట్టపెట్టెల్లో సర్ది ఎమ్మిగనూరుకు తెచ్చి అటక మీద పెట్టింది. ఆమె ఊళ్లోనే ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరింది.

2009 ఎండాకాలంలో అటక మీద ఎలుకలు చేరాయని పెట్టెలు దించాల్సి వచ్చింది. శివలీల ఒక సీసా తీసి వెలుతురుకు పెట్టింది. మూత బిగించే ఉంది, అయినా లోపల చుక్క లేదు. ఎన్ని వేసవులకో ఫార్మలిన్ కాస్త కాస్తగా ఆవిరైపోయింది. అడుగున, గాజుకు అంటుకుని, తెల్లటి పొడి. ఇంకోటి చూసింది. ఇంకోటి. పది సీసాల తర్వాత చూడ్డం మానేసింది.

వాకిట్లో కూర్చున్న కాశన్న అడిగాడు. "ఎట్లుండాయమ్మా? బాగుండాయా?"

"ఉన్నాయి నాయనా," అంది.

ఆయన తలూపాడు. ఆమె సీసాలు పెట్టెలో సర్దింది, అట్టల మీద దుమ్ము దులిపింది, పెట్టెలను తిరిగి అటక ఎక్కించింది. స్కూలుకు వేళవుతోంది. చేతులు కడుక్కుని, జవాబు పత్రాల కట్ట తీసుకుని బయల్దేరింది.